తలమీద బోర్లించిన కాగితపు సంచీ

1980 చివరి నెలల్లో న్యూ ఆర్లియన్స్ నగరంలో కిరాణా కొట్ల కాగితపు సంచీలకు కొత్త పని పడింది. సూపర్‌డోమ్ స్టేడియంలో ఆదివారం ఆట చూడటానికి వచ్చినవాళ్లు ఆ గోధుమరంగు సంచీకి కళ్ల దగ్గర రెండు చిల్లులు పెట్టి, తలమీద బోర్లించుకుని కూర్చునేవాళ్లు. కొందరు సంచీ నుదుటి మీద జట్టు పేరు కూడా రాసేవాళ్లు, అదీ ఒక అక్షరం మింగేసి. జట్టు పేరు సెయింట్స్, అంటే పుణ్యాత్ములు. మొదటి సకారం తీసేస్తే మిగిలేది ఎయింట్స్. వాడుక ఇంగ్లీషులో ఆ మాటకు ‘కాదు, లేదు’ అని అర్థం. పుణ్యాత్ములు కాస్తా లేనివాళ్లయ్యారు. ఆ ఏడు సెయింట్స్ వరసగా 14 ఆటలు ఓడారు. పన్నెండో ఓటమితో కోచ్ డిక్ నోలన్ ఉద్యోగం పోయింది. డిసెంబరు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో సగం ఆట అయ్యేసరికి 35–7తో ముందున్నారు, చివరికి 38–35తో ఓడారు. లీగ్ చరిత్రలో అప్పటిదాకా అంత వెనకబడి తేరుకుని గెలిచిన జట్టు లేదు, ఆ రికార్డుకు అవతలి పక్షంగా సెయింట్స్ పేరు నిలిచింది. మరుసటి వారం న్యూయార్క్ జెట్స్ మీద ఒక్క పాయింటు తేడాతో, 21–20తో, ఆ ఏటి ఏకైక విజయం దక్కింది. సీజన్ మొత్తం లెక్క 1–15.

ఆ సంచీని చూసినవాళ్లు సాధారణంగా రెండే అర్థాలు చెబుతారు. ఒకటి సిగ్గు: ఇలాంటి జట్టును చూడటానికి వచ్చానని పక్కింటివాడికి తెలియకూడదు. రెండోది ద్రోహం: జట్టు కష్టాల్లో ఉంటే ఎగతాళి చేసేవాడు అభిమాని ఎలా అవుతాడు? రెండూ పైపై మాటలే అనిపిస్తుంది. సిగ్గుపడినవాడు ఇంట్లో కూర్చుంటాడు. డబ్బుపెట్టి టికెట్టు కొని, సంచీకి చిల్లులు పెట్టుకుని, వేలమంది మధ్య కూర్చోడు. తెలుగులో అభిమానం అనే మాటకు ఉన్న రెండు అర్థాలు ఈ సంచీ గుట్టు విప్పడానికి బాగా పనికొస్తాయి. అభిమానం అంటే ఇష్టం, అభిమానం అంటే ఆత్మగౌరవం కూడా. ఒక అభిమానం ఆటకు తీసుకొస్తుంది, ఇంకో అభిమానం ముఖం చూపనివ్వదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎప్పుడూ ఉన్నవే అయినా, వాటిని సంచీ రూపంలో కలపాల్సిన అవసరం 1980 ప్రాంతంలోనే ఎందుకు వచ్చింది? అభిమాని కోపానికి అంతకుముందు ఒక ధర ఉండేది, ఆ ధర సరిగ్గా ఆ కాలానికే పడిపోయింది. చేతిలో చెల్లని నాణెం మిగిలినవాడు చేసే అభినయం ఆ సంచీ. వృత్తి ఫుట్‌బాల్‌లో జట్టు మీద కోపం అదిలింపుగా మొదలై వేడుకగా మారిన కథ అది, ఆ మార్పు తెచ్చింది టెలివిజన్ డబ్బు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని విసిరి, పట్టుకుని, గుండెకు హత్తుకుని పరుగెత్తే అమెరికన్ ఆట. దీని వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. 1980లో ఒక్కో జట్టు సీజన్‌కు 16 ఆటలు ఆడేది, అందులో సొంతగడ్డ మీద ఎనిమిదే. మన క్రికెట్ లాగా ఏడాది పొడవునా సాగదు. అభిమాని ఏడాదంతా ఎదురుచూసేది ఆ ఎనిమిది ఆదివారాల కోసం. అవి పాడైతే మళ్లీ వచ్చే శరదృతువు దాకా తిరిగి చూసేది ఉండదు. ఓటమి ఇక్కడ అంత లోతుగా దిగడానికి సగం కారణం ఈ పిసినారి పంచాంగమే.

సంచీకి ముందు కోపం ఎలా ఉండేదో చూడాలంటే ఫిలడెల్ఫియాకు వెళ్లాలి. 1968లో అక్కడి ఈగల్స్ జట్టు మొదటి 11 ఆటలూ ఓడింది. కోచ్, జనరల్ మేనేజర్ రెండు పదవులూ జో కుహారిచ్ చేతిలోనే ఉన్నాయి. యజమాని జెర్రీ వోల్మన్ 1964లో ఆయనకు ఏకంగా పదిహేనేళ్ల ఒప్పందం రాసిచ్చాడు. ‘జో వెళ్లిపోవాలి’ అన్న బిళ్లలు చొక్కాలకెక్కాయి, అదే మాట తోకకు కట్టుకుని విమానం స్టేడియం మీద తిరిగింది. ఇంత గొడవలోనూ జనానికి ఒక ఆశ ఉండేది. అట్టడుగున నిలిచిన జట్టుకే మరుసటి ఏడు కాలేజీ ఆటగాళ్లలో మొదటి ఎంపిక దక్కుతుంది. ఆ ఏడు ఆ ఎంపిక అంటే ఓ.జె. సింప్సన్. తీరా ఈగల్స్ చివర్లో రెండు ఆటలు గెలిచి కూర్చున్నారు. సింప్సన్ బఫెలో జట్టుకు పోయాడు. గెలిచినందుకు సొంత జట్టును జనం తిట్టుకున్న విచిత్రం అది. డిసెంబరు 15న మంచు కురుస్తుండగా ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌లో చివరి ఆట. క్రిస్మస్ వేడుకకు రావాల్సిన శాంతాక్లాజ్ వేషగాడు రాలేదు. ప్రేక్షకుల్లోంచి ఆ వేషం వేసుకొచ్చిన ఒక కుర్రవాణ్ణి పట్టుకుని మైదానం చుట్టూ తిప్పారు. జనం అతని మీద మంచు ముద్దలు విసిరారు. ఫిలడెల్ఫియా వాళ్ల మొరటుతనానికి గుర్తుగా ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమే తప్ప పాపం శాంతాక్లాజ్ చేసిన తప్పేమీ లేదు. గమనించాల్సింది వేరే ఉంది. ఆ రోజు అన్ని ఓటముల తర్వాత కూడా స్టేడియంలో 54 వేల మందికి పైగా ఉన్నారు. వాళ్లు కొన్న టికెట్లే జట్టుకు తిండి. యజమాని అప్పుల పాలయ్యాడు, 1969లో లియొనార్డ్ టోస్ జట్టును కొన్నాడు, వచ్చీ రాగానే కుహారిచ్‌ను పంపేశాడు. జనం కోరిందే జరిగింది.

పదేళ్ల తర్వాత న్యూయార్క్ జెయింట్స్ అభిమానులు ఇంకా అదే భాషలో మాట్లాడుతున్నారు. 1963 తర్వాత ఆ జట్టు ప్లేఆఫ్, అంటే సీజన్ చివరి నాకౌట్ ఆటల, ముఖం చూడలేదు. 1978 నవంబరు 19న ఈగల్స్ మీద 17–12తో గెలుపు ఖాయమైపోయినట్టే ఉంది. చివరి సెకన్లలో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, బంతి పట్టుకుని మోకాలి మీద కూర్చుంటే చాలు. కూర్చోకుండా పక్కవాడి చేతికివ్వబోయి జారవిడిచాడు, ఈగల్స్ ఆటగాడు హెర్మన్ ఎడ్వర్డ్స్ దాన్ని అందుకుని గీత దాకా పరుగెత్తి, టచ్‌డౌన్ చేసి గెలుపు లాగేసుకున్నాడు. ఆ తర్వాతి రోజుల్లో అభిమానులు స్టేడియం బయట టికెట్లు తగలబెట్టారు. డిసెంబరు 10న పదిహేనేళ్ల చెత్త ఆట ఇక చాలన్న బ్యానర్‌తో విమానం ఎగిరింది. కింద వేల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. జట్టు సగం వెల్లింగ్టన్ మారాది, సగం ఆయన అన్న కొడుకు టిమ్ మారాది, ఇద్దరికీ పడదు. చివరికి లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ తలదూర్చి, ఇద్దరికీ నచ్చిన బయటి మనిషి జార్జ్ యంగ్‌ను 1979 ఫిబ్రవరిలో జనరల్ మేనేజర్‌గా పెట్టించాడు. ఎనిమిదేళ్లకు, 1987 జనవరిలో, జెయింట్స్ లీగ్ ఫైనల్ అయిన సూపర్‌బౌల్ గెలిచారు. ఈ సంఘటనను జనాగ్రహం సాధించిన విజయంగా చెబుతారు. జనం పొగబెట్టారన్నది నిజం. తలుపు తెరుచుకున్నది మాత్రం లోపలివాళ్ల తగాదా వల్ల. యజమాని ఒక్కడే అయి ఉంటే ఆ విమానం ఎంత చమురు కాల్చినా ఫలితం ఇలాగే ఉండేదనుకోలేం.

ఈలోగా నేల కిందినుంచి కదిలిపోతోంది. 1961 సెప్టెంబరులో అధ్యక్షుడు కెన్నెడీ సంతకం చేసిన ఒక చట్టం, లీగ్‌లోని జట్లన్నీ కలిసి తమ ప్రసార హక్కులను మూటగట్టి అమ్ముకోవచ్చని అనుమతించింది. వేరే వ్యాపారాల్లో అలా చేస్తే గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద నేరం. వచ్చిన డబ్బును జట్లన్నీ సమానంగా పంచుకోవాలన్నది రోజెల్ పన్నిన ఏర్పాటు. గెలిచినవాడికీ ఓడినవాడికీ ఒకటే వాటా. అన్నదమ్ముల భాగంలో కష్టపడినవాడికీ కూర్చున్నవాడికీ సమానంగా వచ్చినట్టు. గ్రీన్‌బే లాంటి చిన్న ఊరి జట్టు బతికి ఉన్నదంటే ఆ పంపకం వల్లే, దాని మేలు కాదనలేం. 1966లో ఎన్‌ఎఫ్‌ఎల్, దాని పోటీ లీగ్ ఏఎఫ్‌ఎల్ ఒకటి కావాలనుకున్నప్పుడు మళ్లీ కాంగ్రెస్ మినహాయింపు అవసరమైంది. దాన్ని ముందుకు నెట్టింది లూసియానా రాష్ట్రానికి చెందిన ఇద్దరు: ప్రతినిధుల సభలో హేల్ బాగ్స్, సెనేట్‌లో రసెల్ లాంగ్. అక్టోబరులో మినహాయింపు వచ్చింది. నవంబరు 1న, క్రైస్తవుల సకల పుణ్యాత్ముల దినాన, ఆ రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్‌కు కొత్త జట్టు ప్రకటించారు. పేరు సెయింట్స్. అంటే పధ్నాలుగేళ్ల తర్వాత సంచీ తొడుక్కోబోయే అభిమానికి జట్టును ఇచ్చిన బేరమూ, ఆ జట్టును నిలదీసే బలాన్ని అతని చేతిలోంచి లాగేసిన బేరమూ ఒకటే. పుట్టుకలోనే ఇంత మెలిక ఉన్న జట్టు ఇంకొకటి లేదు.

ఆ మినహాయింపుతో లీగ్ మూసిన కోట అయింది. ఇంగ్లండ్ సాకర్‌లో చివరి స్థానాల్లో నిలిచిన జట్టు కింది లీగ్‌లోకి పడిపోతుంది, యజమాని జేబుకు చిల్లు పడుతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పడిపోవడానికి కింద ఏమీ లేదు. మన ఐపీఎల్ కూడా ఈ అమెరికా నమూనా మీదే కట్టింది. అందుకే డెక్కన్ ఛార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచి కూడా 2009లో అదే లీగ్‌లో ఆడి కప్పు గెలవగలిగింది. అట్టడుగు జట్టుకు శిక్ష లేకపోగా బహుమతి ఉంటుంది, మంచి కుర్రవాణ్ణి ముందుగా ఎంచుకునే హక్కు. 1936లో మొదలైన ఈ డ్రాఫ్ట్ పద్ధతి ఉద్దేశం బలహీనుణ్ణి లేపి నిలబెట్టడమే. కానీ ఏటా లేపి నిలబెట్టే చెయ్యి ఉన్నవాడికి నడక నేర్చుకోవాలన్న తొందర ఉండదు. 1970ల చివరికి జట్ల రాబడిలో టెలివిజన్ వాటా టికెట్ల వాటాను దాటింది. 1982లో మూడు టీవీ సంస్థలతో కుదిరిన ఐదేళ్ల ఒప్పందం విలువ రెండు వందల కోట్ల డాలర్లకు పైనే. 28 జట్లకు పంచితే ఒక్కో జట్టుకు ఏడాదికి సుమారు కోటీ నలభై లక్షలు. స్టేడియంలో ఎవరున్నా లేకపోయినా వచ్చే డబ్బు అది. ఈ రోజుల సంగతి గ్రీన్‌బే ప్యాకర్స్ లెక్కల్లో కనిపిస్తుంది, ఎందుకంటే అది ఏటా ఖాతాలు బయటపెట్టే ఒకే ఒక్క జట్టు. జాతీయ స్థాయి రాబడిలో ఒక్కో జట్టు వాటా ఏడాదికి 40 కోట్ల డాలర్లు దాటింది. వాషింగ్టన్ జట్టును డాన్ స్నైడర్ 1999లో 80 కోట్లకు కొన్నాడు. ఆయన ఏలుబడిలోని 24 సీజన్లలో ఆ జట్టు ప్లేఆఫ్‌లో గెలిచినవి రెండే ఆటలు. 2009లో అభిమానులు అట్టల మీద ఏమి రాసి తెస్తారోనని స్టేడియంలోకి ప్లకార్డులే వద్దన్నారు. 2023లో జట్టును 605 కోట్లకు అమ్మేశాడు. ఆట చెడినకొద్దీ జట్టు ధర పెరిగిందని కాదు నా మాట. ఆట చెడినా పెరుగుదల ఆగలేదని.

అందువల్ల 1980 సంచీని నేను సరిహద్దు రాయిగా చూస్తాను. 1968 నాటి బిళ్ల మీద ఒక కోరిక ఉంది, 1978 విమానం తోకలో ఒక కోరిక ఉంది: ఫలానావాణ్ణి తీసేయండి, చాలించండి. సంచీ మీద కోరిక లేదు. అది యజమానితో మాట్లాడటం మానేసి, పక్క సీటువాడితో, ఇంకా ముఖ్యంగా కెమెరాతో మాట్లాడుతుంది. కళ్ల దగ్గర చిల్లులు పెట్టిన వెయ్యి సంచీల కంటే టీవీకి మంచి బొమ్మ ఏం దొరుకుతుంది? దేశమంతా చూసింది. అభిమాని బలాన్ని తీసుకున్న సాధనమే అతనికి వేదిక కూడా ఇచ్చింది, అద్దె లేకుండా. స్థానిక క్రీడా వ్యాఖ్యాత బడ్డీ డిలిబెర్టో ఈ సంచీల వేషాన్ని ఊరంతా పాకించాడు. సెయింట్స్ ఎప్పటికైనా సూపర్‌బౌల్ చేరితే గౌను తొడుక్కుని వీధుల్లో ఊరేగుతానని కూడా ఆయన శపథం పట్టాడు. అది ఎలాగూ జరగదన్న ధీమా ఆ రోజుల్లో అందరిదీ.

వేషం ఈ ఊళ్లోనే పుట్టడం కాకతాళీయం కాదు. న్యూ ఆర్లియన్స్ మార్డీ గ్రా ఊరు. నలభై రోజుల ఉపవాస దీక్షకు ముందు వచ్చే ఆ పండుగలో ముసుగు వేసుకోవడం తరతరాల ఆచారం. ఊరేగింపు బండ్ల మీద నిలబడేవాళ్లకు ముసుగు తప్పనిసరి అని నగర నిబంధనే ఉంది. మామూలు రోజుల్లో ముఖం కప్పుకుని బయట తిరగడాన్ని నిషేధించే రాష్ట్రం, పండుగనాడు మాత్రం దానికి మినహాయింపు ఇస్తుంది. చావును కూడా బ్యాండుమేళంతో సాగనంపి, తిరుగుదారిలో జనం చిందులేసే ఊరు అది. అలాంటి చోట ముసుగు అంటే దాక్కోవడం కాదు, ఆటలో చేరడం. ఫిలడెల్ఫియావాడి చేతికి మంచుముద్ద అందినట్టే, న్యూ ఆర్లియన్స్‌వాడి చేతికి ముసుగు అందింది. సిగ్గు అనే మాట సంచీకి అతకదని ముందే అన్నది అందుకే. దేశంలో మిగతా ఊళ్లకు పాకాక, మార్డీ గ్రా ఎరగని చలి ఊళ్లలో, సంచీ కాస్త ఏడుపుమొహం పెట్టిందేమో గానీ, పుట్టినచోట అందులో నవ్వు పాలే ఎక్కువ.

ఇక్కడ ఒక సూటి ప్రశ్న వస్తుంది. నచ్చకపోతే మానేయొచ్చు కదా? టికెట్టు కొనకుండా, టీవీ కట్టేసి కూర్చుంటే ఏ యజమానైనా దిగిరాడా? హోటల్లో కూర బాగాలేకపోతే పక్క హోటల్‌కు పోతాం. కానీ ఇక్కడ పక్క హోటల్ లేదు; ఒక ఊరికి ఒకే జట్టు అని రాసిచ్చినట్టు పంచుకున్న లీగ్ ఇది, న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ లాంటి మహానగరాలు మినహాయింపు. పైగా మానేసినవాడికే శిక్ష పడేలా నియమాలుండేవి. 1973 నుంచి 2014 సీజన్ దాకా, ఆటకు 72 గంటల ముందే టికెట్లన్నీ అమ్ముడుపోకపోతే ఆ ఊళ్లో టీవీ ప్రసారం ఆపేసేవాళ్లు. ఖాళీ కుర్చీ చూసి నొచ్చుకోవాల్సింది యజమాని. చీకటి తెర చూసి నొచ్చుకున్నది ఊరు. అంతకన్నా పెద్ద శిక్ష ఇంకొకటి ఉంది. ఊరు బెట్టు చేస్తే జట్టే ఊరు విడిచిపోతుంది. 2016 నవంబరులో శాన్‌డియాగో ఓటర్లు తమ ఊరి జట్టు ఛార్జర్స్ కొత్త స్టేడియానికి పన్ను సొమ్ము ఇవ్వబోమని తేల్చారు. రెండు నెలలు తిరిగేసరికి, 56 ఏళ్లు ఆ ఊళ్లో ఆడిన జట్టు లాస్ ఏంజెలిస్‌కు మూటాముల్లె సర్దుకుంది. సంచీల ఊరికే వస్తే, ఆ 1–15 జరిగిన ఐదేళ్లకు, 1985లో, యజమాని జాన్ మెకమ్ అమ్మకానికి పెట్టిన సెయింట్స్ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌కు తరలిపోయేలా కనిపించారు. రాష్ట్ర ప్రభుత్వం రాయితీలు గుమ్మరించి, టామ్ బెన్సన్ అనే స్థానిక వ్యాపారి సుమారు ఏడు కోట్ల డాలర్లకు కొనేలా చూసింది. అప్పటికి ఆ జట్టు పుట్టి పద్దెనిమిదేళ్లు. గెలుపులు ఓటముల కంటే ఎక్కువైన సీజన్ ఒక్కటీ లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటాం; అభిమాని పరిస్థితిలో పామూ కప్పా రెండూ అతనే.

కోపం ఎప్పుడూ వృథాయేనా అంటే డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ రెండు వేర్వేరు జవాబులిస్తాయి. డెట్రాయిట్ లయన్స్ 1963 చివరి నుంచీ ఫోర్డ్ కుటుంబం చేతిలో ఉంది. 2001లో మాట్ మిల్లెన్ అనే మాజీ ఆటగాణ్ణి, టీవీ వ్యాఖ్యాతను తెచ్చి జట్టు అధ్యక్షుణ్ణి చేశారు. ‘మిల్లెన్‌ను తీసేయండి’ అన్న కేక లయన్స్ ఆటల్లోనే కాదు, ఊళ్లో బాస్కెట్‌బాల్ ఆటల్లో కూడా వినిపించేది. 2005 డిసెంబరులో అభిమానులు నిరసన నడక నడిచారు, వేటగాళ్లు వేసుకునే నారింజ రంగు బట్టల్లో స్టేడియంకు వచ్చారు. అది ఆ రోజు ప్రత్యర్థిగా వచ్చిన సిన్సినాటి జట్టు రంగు కూడా. యజమాని ఆ ఏడే మిల్లెన్ ఒప్పందాన్ని పొడిగించి ఉన్నాడు. తీసేసింది 2008 సెప్టెంబరులో, అంటే నడకకు రెండేళ్ల తొమ్మిది నెలల తర్వాత. అప్పటికి లెక్క 31 గెలుపులు, 84 ఓటములు. సొంత కొడుకు బిల్ ఫోర్డ్ జూనియరే తనకు అధికారం ఉంటే తీసేసేవాణ్ణని పత్రికలవాళ్లతో అన్న వారంలోనే అది జరిగింది. ఇక్కడా తలుపు లోపలినుంచే తెరుచుకుంది. ఆ సీజన్‌లో లయన్స్ 16కు 16 ఆటలూ ఓడి, అలా ఓడిన మొదటి జట్టు అయ్యారు.

క్లీవ్‌లాండ్ కథ దీనికి అడ్డంగా నిలబడుతుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1995 నవంబరు 6న ఆ ఊరి జట్టు బ్రౌన్స్ యజమాని ఆర్ట్ మోడెల్ జట్టును బాల్టిమోర్‌కు తీసుకెళ్తున్నానని ప్రకటించాడు. మర్నాడే క్లీవ్‌లాండ్ ఓటర్లు స్టేడియం బాగుచేయడానికి మద్యం, సిగరెట్ల మీద పన్ను పొడిగింపుకు భారీగా ఓటేశారు. జట్టు పోతోందని తెలిసి కూడా. డిసెంబరు 17న సొంతగడ్డ మీద ఆఖరి ఆటలో జనం చెక్క కుర్చీలు పెళ్లగించి మైదానంలోకి విసిరారు. ఇది మళ్లీ పాత ఫిలడెల్ఫియా కోపమే. దేశమంతా అభిమానులు లీగ్ కార్యాలయానికి ఫ్యాక్సుల మీద ఫ్యాక్సులు పంపారు. చివరికి మోడెల్ ఆటగాళ్లను తీసుకెళ్లాడు. పేరు, రంగులు, 1946 నుంచీ ఉన్న చరిత్ర క్లీవ్‌లాండ్‌లోనే మిగిలాయి, 1999లో కొత్త జట్టు వచ్చింది. అమెరికా క్రీడల్లో అరుదైన గెలుపు ఇది. అయితే ఆ గెలుపుకు ఆధారం ఏది? కుర్చీలు కాదు. 1998 దాకా స్టేడియంలో ఆడతానని జట్టు రాసిచ్చిన లీజు నగరం చేతిలో ఉంది, నగరం కోర్టుకెక్కింది. కోపానికి చట్టబద్ధమైన కాగితం తోడైన చోట లీగ్ దిగొచ్చింది. మామూలు అభిమాని చేతిలో ఉన్న కాగితం టికెట్టు మాత్రమే. అది కాకపోతే సంచీ. ఇక ఆ గెలుపు తెచ్చిందేమిటంటే, మోడెల్ తీసుకెళ్లిన జట్టు 2001 జనవరిలో సూపర్‌బౌల్ గెలిచింది. క్లీవ్‌లాండ్‌కు మిగిలిన పేరు, రంగులతో వచ్చిన కొత్త జట్టు మొదటి ఆటలోనే 43–0తో ఓడింది.

అయితే జట్టునే జనం కొనేస్తే? గ్రీన్‌బేను చూపించి ఈ మాట అంటుంటారు. 1923 నుంచీ ప్యాకర్స్ ప్రజల వాటాలతో నడుస్తున్న సంస్థ. ఇప్పుడు వాటాదారులు ఐదు లక్షల పైచిలుకు. లాభాంశం రాదు, వాటా అమ్ముకోవడానికి వీల్లేదు. ఊరిని వదిలి జట్టు పోదన్న భరోసా ఒక్కటే ఫలం. తక్కువేం కాదది. శాన్‌డియాగో వాళ్లనడిగితే దాని విలువ చెబుతారు. కానీ ప్రజలదైన మాత్రాన జట్టు బాగా ఆడుతుందన్న హామీ లేదు. 1968 నుంచి 1991 దాకా 24 సీజన్లలో ప్యాకర్స్ ప్లేఆఫ్ చేరింది రెండుసార్లే. పైగా ఇంకో ఊరు ఈ దారి పట్టకుండా లీగ్ నియమాలే అడ్డం. యజమాన్యం ఎవరిదైనా అసలు సంగతి ఒకటే, ఓటమికి జరిమానా లేదు.

చివరి అభ్యంతరం ఆటగాళ్లది, అది నిజంగా ముల్లులా గుచ్చుకునేది. 2016లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 1–15, 2017లో 0–16. రెండేళ్లలో 32 ఆటల్లో ఒక్క గెలుపు. 2018 జనవరి 6న, గడ్డకట్టే చలిలో, మూడు వేల మందికి పైగా అభిమానులు స్టేడియం చుట్టూ ఊరేగారు. చుట్టూ తిరిగితే సున్నా అవుతుందని. ఊరేగింపు పేరు ‘పరిపూర్ణ సీజన్ పరేడ్’. ఒక ఆటగాడు మండిపడ్డాడు, దీనికి వెళ్లేవాడు అసలైన అభిమానే కాడని. మైదానంలో ఎముకలు విరగ్గొట్టుకునేది అతను, ఆ మాట అనే హక్కు అతనికుంది. ఓడినవాళ్లలో బద్ధకస్తులు తక్కువ. సరైన చోట సరైన మనిషిని పెట్టని నిర్వాకానికి వాళ్లూ బలే. కానీ ఊరేగినవాళ్లు వేలెత్తి చూపింది ఆటగాళ్లను కాదు. ఈ పరేడ్ నిజానికి 2016 చివరే జరగాలి. డిసెంబరు 24న శాన్‌డియాగో మీద 20–17తో ఆ ఒక్క గెలుపు రావడంతో రద్దయింది. నిర్వాహకులు వసూలైన విరాళాన్ని ఊళ్లోని ఆహార బ్యాంకుకు ఇచ్చేశారు, రెండో ఏడూ అంతే చేశారు. నిరసన అని పేరు పెట్టుకుని పేదలకు అన్నం పెట్టే చందాగా ముగిసింది. యజమాని నుంచి ఏమీ రాదని తెలిసిన జనం ఒకరితో ఒకరు చేసుకున్న పని అది. 1–31 లెక్క ఉన్న కోచ్ హ్యూ జాక్సన్‌ను యజమాని మూడో ఏడూ కొనసాగించాడు. మళ్లీ 1–15 వస్తే ఈరీ సరస్సులో దూకుతానని అంతకుముందు అన్న జాక్సన్, 2018 జూన్ 1న నిజంగానే వెళ్లి నీళ్లలో మునిగాడు, అదీ ఒక దాతృత్వ నిధి కోసం. చూశారా, శిక్ష కూడా వేడుకే అయింది.

న్యూ ఆర్లియన్స్‌లో ఆ వేషాలకు ఊహించని రెండో అంకం దొరికింది. 2005 ఆగస్టులో కత్రినా తుపాను ఊరిని ముంచింది, సూపర్‌డోమ్ నిరాశ్రయుల గూడు అయింది, సెయింట్స్ ఆ సీజన్ శాన్ ఆంటోనియోలో, బేటన్ రూజ్‌లో తిరిగి 3–13తో ముగించారు. బెన్సన్ జట్టును శాన్ ఆంటోనియోలోనే ఉంచేస్తాడన్న అనుమానం ఊరినిండా. 2006లో స్టేడియం తిరిగి తెరిచేసరికి, చాలామంది ఇంకా ఇళ్లకు చేరని ఆ ఊళ్లో, జట్టు చరిత్రలో మొదటిసారిగా సీజన్ టికెట్లన్నీ ముందే అమ్ముడుపోయాయి. ఎవరు కొన్నారవి? సంచీల నాటివాళ్లూ, వాళ్ల పిల్లలూ కొందరైనా ఉండి ఉంటారు. ద్రోహమన్న ఆరోపణకు ఇంతకంటే వేరే జవాబు వెతకనక్కర్లేదు. 2010 జనవరిలో సెయింట్స్ సూపర్‌బౌల్‌కు అర్హత సాధించారు. గౌను శపథం పట్టిన డిలిబెర్టో 2005 జనవరిలోనే కన్నుమూశాడు. ఆయన మాట పోకూడదని, మాజీ క్వార్టర్‌బ్యాక్ బాబీ హెబెర్ ముందు నడవగా, వేలమంది మగవాళ్లు గౌన్లు తొడుక్కుని వీధుల్లో ఊరేగారు. వారం తర్వాత, ఫిబ్రవరి 7న, సెయింట్స్ ఇండియానాపోలిస్‌ను 31–17తో ఓడించారు. ఓడిన క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ ఆ ఊరి కుర్రాడే. 1980లో ఆ సంచీల ముందు బంతి విసిరిన ఆర్చీ మానింగ్ కొడుకు.

సంచీ పుట్టినప్పుడు దానికి ధర లేదు. అందుకే అది పుట్టింది. ముప్పై ఎనిమిదేళ్లకు ఆ నిస్పృహకే గిరాకీ వచ్చింది. 2018 ఆగస్టులో బడ్ లైట్ బీరు కంపెనీ క్లీవ్‌లాండ్ బార్లలో తాళం వేసిన ఫ్రిజ్‌లు పెట్టించింది. నిండా బీరు. బ్రౌన్స్ ఎప్పుడు గెలిస్తే అప్పుడు అన్నీ ఒకేసారి తెరుచుకునేలా వాటిని ఇంటర్నెట్‌కు తగిలించారు. ఓటమిని ఇంత ఓపిగ్గా లెక్కపెట్టి, దానికి ప్రకటన బడ్జెట్ కేటాయించిన సంస్థ అంతకుముందు లేదేమో. సెప్టెంబరు 20 రాత్రి, న్యూయార్క్ జెట్స్ మీద, మధ్యలో దిగిన కొత్త కుర్రాడు బేకర్ మేఫీల్డ్ చేతులమీదుగా, 635 రోజుల తర్వాత బ్రౌన్స్ 21–17తో గెలిచారు. 1980లో సెయింట్స్ చేతిలో ఓడిందీ ఈ జెట్సే. ఊళ్లో ఫ్రిజ్‌ల గొలుసులు జారిపడ్డాయి. ఊరికే వస్తున్న బీరు కోసం జనం ఎగబడ్డారు.